ఓజోన్ కొరికిన బీడింగు

అమ్మడూ, నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కదా, ఇంగ్లండులో ఆబింగ్డన్ కార్ఖానా సరుకు. 1962 నుంచి 1980 దాకా ఆ మోడల్ ఐదు లక్షలకు పైగానే చేశారు. అందులో పెద్ద వాటా మీ అమెరికాకే ఓడలెక్కింది. రంగు వేయించేముందు క్రోమ్ పట్టీలు, బీడింగులు, అద్దం ఫ్రేము అన్నీ ఊడదీస్తున్నానన్నావు. “తాతయ్యా, రబ్బరేమో ముట్టుకుంటే రాలిపోతోంది, బోల్టులేమో చచ్చినా కదలనంటున్నాయి, ఇదేం విడ్డూరం?” అని అడిగావు. విడ్డూరమేమీ లేదు. ఆ రెండూ ఒకరి పనే. ఆయన పేరు ఆక్సిజన్. రబ్బరు దగ్గర ఒక వేషం, బోల్టు దగ్గర ఇంకో వేషం.

ముందు రబ్బరు సంగతి చూద్దాం. రబ్బరు చెట్టు పాలలో ఉండేవి చాలా పొడవాటి గొలుసు అణువులు. ఐసోప్రీన్ అనే చిన్న ముక్క వేలసార్లు వరసగా అతుక్కుంటే ఒక గొలుసు. ఉడికిన సేమ్యా పోగుల్లా ఇవి ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. అందుకే పచ్చి రబ్బరు ఎండకు జిగురెత్తుతుంది, చలికి బిరుసెక్కుతుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే మొండిఘటం 1839లో దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఏమవుతుందో కనిపెట్టాడు. గంధకం పరమాణువులు ఒక గొలుసుకూ పక్క గొలుసుకూ మధ్య ముడి వేస్తాయి. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. పాపం, ఆయన మాత్రం అప్పుల్లోనే పోయాడు. ఆ పేరుతో ఉన్న టైర్ల కంపెనీ ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1898లో పుట్టింది. ఆయనకుగానీ ఆయన పిల్లలకుగానీ దాంతో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. గంధకం ముడులు వేశాక కూడా ఆ గొలుసు పొడవునా బోలెడు ద్విబంధాలు మిగిలే ఉంటాయి. మామూలు ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటే ఓజోన్‌లో మూడుంటాయి. ఆ ఓజోన్‌కు ద్విబంధం కనిపిస్తే చాలు, అక్కడికక్కడ గొలుసును తెంపేస్తుంది. నీ కారు కాలంలో బీడింగులను ఎక్కువగా సహజ రబ్బరుతోనో, అలాగే ద్విబంధాలున్న కృత్రిమ రబ్బరుతోనో చేసేవారు. గాలిలో ఓజోన్ కోటి పాళ్లలో ఏ కొద్ది పాళ్లో ఉన్నా వాటికి ముప్పే.

నువ్వుండే లాస్ ఏంజెలెస్‌కు ఈ కథలో పెద్ద పాత్రే ఉంది. 1940లలో ఆ ఊరిని కళ్లు మండించే పొగమంచు కమ్మేసేది. కారణమేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. మీకు దగ్గర్లోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఆరీ హాగెన్‌స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. అనాసపండుకు ఆ రుచీ వాసనా ఎక్కణ్ణించి వస్తాయో చూసుకుంటున్న మనిషి. ఆయన్ని పట్టుకొచ్చి ఈ పొగ సంగతి తేల్చమన్నారు. కార్ల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని ఆయన తేల్చాడు. దాన్ని కొలవడానికి ఆయన బృందం వాడిన పరికరం ఏమిటో తెలుసా? వంచి కట్టిన రబ్బరు ముక్క! అది ఎంత తొందరగా పగిలితే గాలిలో ఓజోన్ అంత ఎక్కువ ఉన్నట్టు లెక్క. అంటే నీ కారు తలుపుకున్న బీడింగు ఇన్నేళ్లూ మీ ఊరి గాలిని కొలుస్తూనే ఉందన్నమాట. చూడాలన్న సరదా ఉంటే రేపు వెలుతురులో గమనించు. తిన్నగా ఉన్నచోట పగుళ్లు తక్కువ. మూల తిరిగే చోట, అంటే రబ్బరు సాగి ఉన్నచోట, పగుళ్లు జోరుగా ఉంటాయి. అవి కూడా సాగిన దిక్కుకు సరిగ్గా అడ్డంగా. గొలుసు బిగుతుగా ఉన్నప్పుడు తెగితే కొసలు దూరంగా జరిగిపోతాయి. ఆ సందులోంచి ఓజోన్ ఇంకాస్త లోపలికి దిగుతుంది. 

కాబట్టి ఆ బీడింగును పట్టి లాగకు. గొలుసులు తెగిన రబ్బరుకు సాగే గుణం పోయింది. లాగితే సగం చేతికొచ్చి సగం గాడిలో ఉండిపోతుంది. కత్తితో నిలువునా కోసి, గాడిలో మిగిలినదాన్ని ప్లాస్టిక్ పలకతోనో చెక్క పుల్లతోనో తవ్వు. జిగురు అంటుకున్నచోట హెయిర్ డ్రయ్యర్ పెట్టి వెచ్చచేస్తే అది మెత్తబడి రేకును వదులుతుంది. డిక్కీ చుట్టూ ఉన్నది జిగురుతో అతికించినదే కాబట్టి అక్కడ ఈ ఉపాయం పనికొస్తుంది. కోసేముందు మాత్రం ప్రతి బీడింగులోంచీ బాగున్న చోట జానెడు ముక్క తీసి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి పెట్టు.

ఇక క్రోమ్ పట్టీలు. “వీటిని తీయకుండా టేపు అంటించి రంగు కొట్టేస్తే పోదా?” అని మీ పెయింటరు అన్నాడన్నావు. పోదు. ఎందుకో చెప్పడానికి నిన్ను కేంబ్రిడ్జి తీసుకెళ్లాలి. అక్కడ 1920లలో యూలిక్ ఎవాన్స్ అనే ఆయన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేసి కూర్చున్నాడు. ఇనుము కరిగేచోట నీలం, క్షారం పుట్టేచోట గులాబీ రంగు తేలేలా అందులో రెండు మందులు కలిపాడు. కాసేపటికి బొట్టు అంచు చుట్టూ గులాబీ రంగు, నడిమధ్య నీలం తేలాయి. అంచున నీళ్లు పలచగా ఉంటాయి కనుక గాలిలోని ఆక్సిజన్ బాగా అందుతుంది. మధ్యలో అందదు. అదే రేకు, అదే నీరు, అయినా ఆక్సిజన్ ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ అయ్యేసరికి చిన్న బ్యాటరీ తయారైంది. అందులో కరిగిపోయేది ఆక్సిజన్ అందని చోటు! గాలి తగిలినచోట తుప్పు పడుతుందని కదా మనమంతా అనుకుంటాం. తేమ కూడా ఉంటే, గాలి సరిగా ఆడని ఇరుకు చోటునే తుప్పు ముందు తినేస్తుంది.

ఇప్పుడు తలుపు మీది పట్టీ వెనక చూడు. వాన నీళ్లు కేశాకర్షణతో ఆ ఇరుకులోకి పాకుతాయి, ఎండ తగలదు కనుక ఆరవు. దానికితోడు క్లిప్పు దిగే బొక్క ఒకటి. రంగు తడిగా ఉన్నప్పుడు తలతన్యత వల్ల పదునైన అంచుల మీదినుంచి వెనక్కి జరుగుతుంది. అందుకే బొక్క అంచున పూత ఎప్పుడూ పలచనే. తుప్పు అక్కడ మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకు రెండింతల పైనే చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును కిందినుంచి ఎత్తి పొక్కిస్తుంది. టేపు అంటించి రంగు కొడితే నువ్వు ఆ పుండును దాచినట్టే, పైగా టేపు తీసినచోట కొత్త రంగుకు ఒక తెగిన అంచు మిగులుతుంది. పట్టీ తీసి, అడుగున గీకి, బొక్కల అంచులకు కూడా ప్రైమర్ పట్టించాలి. పట్టీ తీయనని భీష్మించే పెయింటరైతే వేరే పెయింటరును చూసుకో.

పట్టీ తీసేటప్పుడు క్లిప్పు ఎక్కడుందో తడిమి తెలుసుకుని, సరిగ్గా దాని పక్కనే ప్లాస్టిక్ పలకతో కొంచెం కొంచెం లేపు. రెండు క్లిప్పుల మధ్యలో లేపావంటే పట్టీ నొక్కుకుపోతుంది. పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే దానికో పెంకితనం ఉంది. వంగినచోట అంతకు ముందుకన్నా గట్టిపడుతుంది. దాన్ని తిన్నగా చేయబోతే ఆ మడతను వదిలేసి పక్కన వంగుతుంది. దీపాల చుట్టూ ఉండే అంచులు, పేరు అక్షరాలు లాంటివి చాలావరకు జింకు మిశ్రమాన్ని పోతపోసి పైన రాగి, నికెల్, క్రోమియం పూసినవి. వాటిది ఇంకో తంతు. వంగవు, పుటుక్కున విరుగుతాయి. మనం క్రోమ్ అని మురిసిపోయే ఆ మెరుపు మందం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. దాని సన్నటి పగుళ్లలోంచి తేమ దిగకుండా కాచేది అడుగునున్న నికెలే. పైన మొటిమల్లా లేచిన మచ్చలు కనిపిస్తున్నాయంటే నికెల్ కూడా ఓడిపోయి లోపలి జింకు పొంగుతున్నట్టు. పాలిష్ పెట్టి పొద్దుపుచ్చకు, అవి పోవు.

దీపాల జోలికి వెళ్లేముందు బ్యాటరీ తీగ విప్పు. నీ బండిలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి. 1967 దాకా ఎంజీబీలో బాడీకి కలిపేది ప్లస్ కొసను. మామూలు అలవాటుతో మైనస్ అనుకుని తికమకపడేవు.

అన్నిటికన్నా గడ్డు పని అద్దం ఫ్రేము. రోడ్‌స్టర్‌లో అది అల్యూమినియం. దాని రెండు పక్కల కాళ్లూ బాడీ లోపలికి దిగి ఉంటాయి. వాటిని పట్టుకున్నవి ఉక్కు బోల్టులు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో వాననీరు. పాఠ్యపుస్తకంలోని వోల్టా ఘటమే కదా! ఇందులో అల్యూమినియం కరిగి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కన్నా ఎక్కువ చోటు కోరుతుంది. చోటు లేక బోల్టు మరల్లో ఇరుక్కుని బిగదీస్తుంది. నువ్వు పానా పట్టుకుని వేలాడితే బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది, కాండం అల్యూమినియంలోనే ఉండిపోతుంది.

బలం కన్నా వేడి నయం. ఒక మీటరు అల్యూమినియం ఒక డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. ఉక్కు 12 దాకా పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు అనుకుందాం. రెండూ 100 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియంలోని బొక్క 18 మైక్రాన్లు, బోల్టు 10 మైక్రాన్ల లోపు పెరుగుతాయి. “వేడికి లోహం వ్యాకోచిస్తే బొక్క పూడుకుపోదా తాతయ్యా?” అంటావేమో. పూడదు. ఆ బొక్కలోంచి తీసిన బిళ్ల కూడా అదే వేడికి పెరుగుతుంది కదా, పెరిగిన బిళ్ల పట్టాలంటే బొక్క కూడా పెరగాలి. మిగిలిన తేడా 9 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదోవంతు ఉంటుందేమో. అదే చాలు, లోపల గట్టిపడ్డ పొడి బీటలు వారుతుంది. వేడిగాలి తుపాకీతో కాళ్ల దగ్గర కాచి, చల్లారాక తుప్పు వదిలించే పల్చటి నూనె రెండు చుక్కలు వెయ్యి. బీటల వెంట అది పాకుతుంది. మళ్లీ కాచేముందు మిగిలిన నూనె తుడిచెయ్యి, దానికి మంట అంటుకునే గుణముంది. గ్యాస్ మంట మాత్రం వద్దే వద్దు, పెట్రోలు ట్యాంకున్న బండి అది. అద్దానికీ వేడి తగలనీయకు. విప్పేటప్పుడు ముందు ఒక్క పిసరు బిగించే దిక్కుకు తిప్పి, అప్పుడు వదులు చెయ్యి. పానాలు కూడా అంగుళాల సైజువే తెచ్చుకో. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా దిగుతుంది కానీ వదులుగా ఆడి బోల్టు తలను గుండ్రం చేసేస్తుంది. మళ్లీ బిగించే రోజున మరలకు జిడ్డు పూస్తే నీళ్లు చేరవు, ఆ ఘటం మళ్లీ పనిచేయదు.

కొత్త బీడింగులు కొనేటప్పుడు ఈపీడీఎం రకం ఉందేమో అడుగు. ఈథిలీన్, ప్రొపిలీన్ కలిపి చేసే ఈ రబ్బరు 1960ల మొదట్లో బజారులోకి వచ్చింది. దీని వెన్నెముక గొలుసులో ద్విబంధాలే లేవు. గంధకం ముడి వేయడానికి మాత్రం పక్క కొమ్మల్లో కొన్ని ఉంచారు. ఓజోన్ వచ్చి కొమ్మను కొరికినా గొలుసు తెగదు. తెలివంటే అదీ! ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు వాడు. గ్రీజు వద్దు, దానివల్ల చాలా రబ్బర్లు ఉబ్బిపోతాయి.

కొత్త బీడింగు పెట్టాక తలుపు పడకపోతే కంగారుపడకు. ఏళ్లతరబడి నలిగిన రబ్బరులో పాత ముడులు తెగి, ఆ నలిగిన ఆకారంలోనే కొత్త ముడులు పడతాయి. అందుకే పాతది పలచబడి ఉంటుంది, కొత్తది నిండుగా ఉంటుంది. కొన్నాళ్లు మూసి ఉంచితే కొంత సర్దుకుంటుంది. అప్పటికీ పడకపోతే దాచిన జానెడు ముక్క తీసి రెంటినీ అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి చూడు. ఆకారమే వేరుగా ఉంటే వాళ్లు నీకు వేరే బండి సరుకు అంటగట్టినట్టు. అన్ని బీడింగులూ బిగించి, గొట్టంతో నీళ్లు కొట్టి చూసేదాకా పాతముక్క ఒక్కటి కూడా పారెయ్యకు.