అర్జెంటీనా చలనచిత్రములు – అకాడమీ పురస్కారములు

అమెరికాలోని అకాడమీవారు విదేశభాషాచిత్రముల కొసగు పురస్కారమును అర్జెంటీనా రెండుమార్లు పొందినది. 1986లో లూయిస్ పుయెన్సో దర్శకత్వము వహించిన ‘లా ఇస్తోరియా ఒఫిసియల్’ (అధికారిక చరిత్ర), 2010లో హువాన్ హోసె కాంపనెల్లా తీసిన ‘ఎల్ సెక్రెతో దె సుస్ ఓహోస్’ (వారి కన్నులలోని రహస్యము) అట్టి గౌరవమునకు పాత్రములైనవి. 1975లో ‘లా త్రెగ్వా’ మొదలుకొని మరికొన్ని తుదిపరిశీలనకు వచ్చినవి గాని, వాని నిచట చర్చింపము. బహుమతి నొందిన రెండును 1976–83 నాటి సైనికపాలనను గూర్చినవే యని సామాన్యముగా చెప్పుదురు. అది సగమే నిజమని మా యభిప్రాయము.

మొదటి చిత్రము విషయమున సందేహము లేదు. అందలి నాయిక అలిసియా బ్యూనస్ ఏరిస్‌లో చరిత్రోపాధ్యాయిని. పాఠ్యగ్రంథమున నున్నదే చరిత్రయని నమ్మిన యామెకు, తన పెంపుడుకూతురు సైనికులు మాయము చేసిన దంపతుల బిడ్డయేమో యను శంక పుట్టును. ఇది కేవల కల్పన కాదు. అట్లు అపహరింపబడిన మనుమలను వెదకుటకై 1977లోనే అమ్మమ్మలు, నాయనమ్మలు సంఘముగా నేర్పడిరి. చిత్రము 1985 ఏప్రిల్‌లో విడుదలయ్యెను. ఆ నెలలోనే సైన్యాధిపతులపై విచారణయు మొదలయ్యెను. న్యాయస్థానమున సాక్షులు చెప్పుచున్న దానిని ప్రేక్షకులు తెరపై జూచిరి. నాయిక పాత్రధారిణి నార్మా అలెయాండ్రోకు ఆ యేడే కాన్ ఉత్సవమున ఉత్తమనటి బహుమానము, అమెరికా నటి షేర్‌తో సమముగా, లభించినది. ఇక అకాడమీ పురస్కారప్రదానము జరిగినది 1986 మార్చి 24న. సైన్యము ప్రభుత్వమును కూలద్రోసినది 1976 మార్చి 24న. నవలలో నిట్లు వ్రాసినచో కృతకమని మనమే యాక్షేపింతుము.

రెండవది ఎదువార్దో సచేరి నవల కనుసరణము. అందలి హత్య 1974లో జరుగును. అనగా తిరుగుబాటునకు రెండేండ్లు ముందు, ఎన్నికల ద్వారా ఏర్పడిన ప్రభుత్వము ఉండగనే. నేర మొప్పుకొన్న హంతకుడు ప్రభుత్వపు రహస్యకార్యములకు పనికివచ్చునని విడువబడును. చట్టము సైనికులు రాకపూర్వమే లోలోపల కుళ్లిన తీరు ఇందలి వస్తువు. రాజ్యము విధింపని యావజ్జీవశిక్షను మృతురాలి భర్త హంతకునకు తానే రహస్యముగా నమలుజరుపును. ఆ ముగింపు మాకు న్యాయముగా తోచలేదు. దర్శకుడును అట్లు తోపింపవలెనని తలచినట్లు కనబడదు.

ఆ న్యాయస్థానమే కథారంగముగా సాంటియాగో మిత్రె 2022లో ‘అర్జెంటీనా, 1985’ తీసెను. విచారింపబడిన తొమ్మండుగురు సైన్యాధిపతులలో ఐదుగురికే శిక్ష పడెను. ప్రభుత్వపక్షమున వాదించిన హూలియో స్త్రాసెరా తుదివాదమును దర్శకుడు చాలవరకు యథాతథముగ నిలిపెను. 2023లో దీనికి గోల్డెన్ గ్లోబ్ బహుమతి వచ్చినది. అకాడమీ తుదిజాబితాకు చేరియు పురస్కారము నందలేదు.