కాసు చెప్పిన కథ

తెలుగువారి ఆభరణాలలో కాసులపేరుకు ఒక విశిష్ట స్థానం ఉంది. లక్ష్మీదేవి రూపాన్ని ముద్రించిన బంగారు కాసులను వరుసగా కూర్చిన ఈ హారం నేటికీ పెండ్లి పందిళ్ళలో కనబడుతుంది. నాణేన్ని నగగా ధరించే అలవాటు ఈ నేలపై దాదాపు రెండువేల ఏండ్ల క్రితమే ఉండేదని పురావస్తు పరిశోధన తెలుపుతున్నది. అయితే ఆనాటి కాసులలో కొన్నింటిపై ఉన్నది దేవతామూర్తి కాదు, రోమన్ చక్రవర్తి ముఖం.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యానికి, దక్షిణ భారతానికి మధ్య సముద్ర వ్యాపారం ముమ్మరంగా సాగింది. ఋతుపవనాల వాలు తెలిసిన నావికులు మిరియాలను, నూలు వస్త్రాలను, రత్నాలను పడమటికి తీసుకొనిపోయేవారు. వాటికి బదులుగా బంగారు, వెండి నాణేలు ఈ దేశానికి చేరేవి. ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల ధనం భారతదేశానికి తరలిపోతున్నదని రోమన్ పండితుడు ప్లినీ వాపోయాడు.

ఆ ధనంలో కొంత తెలుగునేలలోనూ బయటపడింది. 1889లో గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో 15 బంగారు నాణేలు దొరికాయి. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో దొరికిన నిధిలో 1,531 వెండి నాణేలున్నాయి. దక్షిణ భారతంలో లభించిన రోమన్ బంగారు నాణేలలో కొన్నింటికి చక్రవర్తి తలపైన రెండు రంధ్రాలుంటాయి. దారం ఎక్కించి మెడలో వేసుకొన్నప్పుడు ఆ ముఖం నిటారుగా నిలవాలన్నదే దీని ఉద్దేశం. అంగడిలో మారకానికి వచ్చిన నాణెం ఈ విధంగా అలంకారమైంది.

సంగారెడ్డి సమీపంలోని కొండాపురం ఈ కథకు మరొక సాక్ష్యం. ఇది హైదరాబాదులో అదే పేరుగల పేట కాదు, ఒక పల్లె. అక్కడ కోటగడ్డ అని పిలిచే దిబ్బలో 1940-42 నడుమ నాటి హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలతో పాటు అగస్టస్ చక్రవర్తి బంగారు నాణెం ఒకటి లభించింది. టైబీరియస్ నాణేలను పోలిన మట్టి పతకాలు కూడా దొరికాయి. మెడలో ధరించడానికి అనువుగా చేసిన ఈ పతకాలను బట్టి, అసలు బంగారు కాసు అందనివారు సైతం ఆ సొగసును కోరుకొన్నారని ఊహించవచ్చు.

ఈ ఊహకు ఆధారం వస్తువు మాత్రమే కాదు, అది లభించిన చోటు కూడా. 1992లో ఇంగ్లండులోని హాక్స్‌న్ గ్రామంలో ఒక రైతు తన సుత్తిని పొలంలో పోగొట్టుకొన్నాడు. మిత్రుడొకడు మెటల్ డిటెక్టరుతో దానిని వెదకుతుండగా రోమన్ నిధి కనిపించింది. అతడు మొత్తం త్రవ్వి తీయక అధికారులకు తెలియజేశాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి 29 బంగారు నగలను, సుమారు 15,000 నాణేలను జాగ్రత్తగా వెలికితీశారు. ఒక కంకణంపై జూలియానా అనే స్త్రీ పేరుంది. మట్టిలో మిగిలిన కొయ్య ఆనవాళ్ళను, చిన్న వెండి తాళాలను పరిశీలించి, ఆ సంపదను పెట్టెలలో భద్రపరచిన తీరును సైతం వారు గ్రహించారు. రైతు సుత్తి కూడా చివరకు బ్రిటిష్ మ్యూజియం చేరింది.

అదే నిధి రహస్యంగా కంసాలి మూసలోకి పోయి ఉంటే బంగారం మిగిలేది, జూలియానా పేరు మిగిలేది కాదు. మన దేశంలో 1878 నాటి గుప్తనిధుల చట్టం, పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు దాని వివరాలను, దొరికిన స్థలాన్ని, తేదీని కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలపాలని విధించింది. ప్రభుత్వం ఆ నిధిని తీసుకొన్నప్పుడు లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించే ఏర్పాటు కూడా అందులో ఉంది. చట్టం స్థలాన్ని, తేదీని అడగడం గమనింపదగినది. ఏ ఊరిలో, ఎంత లోతున, ఏ కుండలో ఉన్నదో తెలియని కాసు తన కథలో సగాన్ని పోగొట్టుకొంటుంది.

సికింద్రాబాదులో చదువుకొనే విద్యార్థికి కొండాపురం ఒక్కరోజు ప్రయాణం. అక్కడి ప్రదర్శనశాలలో ఆ దిబ్బ నుండి వెలువడిన వస్తువులను భద్రపరిచారు. వాటిని చూచి వచ్చినవారికి నాగలిచాలులో మెరిసిన ఒక చిన్న బిళ్ళ తూకం వేయవలసిన బంగారంగా కాక, చదువవలసిన చరిత్రగా కనబడుతుంది. పూర్వుల జ్ఞాపకాన్ని కాపాడడానికి కావలసింది ఆ చూపే.