అధిక ఎంట్రోపీ మిశ్రమలోహాలు: అతిశీతల స్థితిలో వేగవంతమైన విరూపణ

అధిక ఎంట్రోపీ మిశ్రమలోహాలు అనగా ఐదు లేదా అంతకంటే ఎక్కువ మూలకాలను ఇంచుమించు సమాన పాళ్ళలో కలిపి తయారుచేసిన లోహాలు. ఉక్కులో ఇనుము, ఇత్తడిలో రాగి ప్రధానం, తక్కినవి చేర్పులు. ఈ తరగతిలో ఏ మూలకానికీ అటువంటి పెద్దరికం లేదు. వీటిలో కొన్నిటిని ద్రవ నత్రజని ఉష్ణోగ్రతకు (77 కెల్విన్, అనగా -196 డిగ్రీల సెల్సియస్) చల్లబరచి బలంగా మోదినా అవి గాజువలె పగలవు. పైగా వాటి బలం పెరుగుతుంది, సాగే గుణమూ చెడదు.

పుట్టుపూర్వోత్తరాలు

2004లో బ్రిటన్‌లో బ్రయాన్ కాంటర్ బృందం, తైవాన్‌లో యే జియెన్-వే బృందం ఎవరికి వారుగా ఈ లోహాల గురించి ప్రకటించారు. పేరు పెట్టినది యే. అంతకు ముందు ఏడాదే, 2003లో, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్. రంగనాథన్ కరెంట్ సైన్స్ పత్రికలో ఇటువంటి బహులోహ మిశ్రమాల గురించి రాశారు. క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెల్ సమపాళ్ళలో ఉన్న మిశ్రమాన్ని కాంటర్ మిశ్రమలోహం అంటారు. ఈ వ్యాసంలో ముఖ్యపాత్ర దీనిదే.

చలి, వేగం చేసే కీడు

లోహం వంగేటప్పుడు స్ఫటికంలోని పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయి. ఈ జారుడు స్థానభ్రంశాలు అనే లోపరేఖల కదలిక ద్వారా జరుగుతుంది. దారిలోని అడ్డంకులు దాటడానికి వాటికి పరమాణువుల ఉష్ణకంపనాలు సాయపడతాయి. చలిలో ఆ కంపనాలు తగ్గుతాయి. భారం వేగంగా పడితే కంపనం కోసం వేచి ఉండే వ్యవధి దొరకదు. అంటే చలి, వేగం రెండూ ఒకే దిక్కుగా లాగుతాయి.

సామాన్యపు ఉక్కు స్ఫటికం అంతఃకేంద్రిత ఘనాకృతిలో ఉంటుంది. దానిలో ఈ జారుడు మరీ కష్టమై, వంగవలసినది పగులుతుంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో నిలిచి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ దాదాపు రెండుగా విరిగింది. చలికి పెళుసెక్కే ఉక్కు, అతుకులలోని లోపాలు అందుకు కారణాలు.

కవల స్ఫటికాలు

కాంటర్ మిశ్రమలోహం ముఖకేంద్రిత ఘనాకృతి కలది. దీనిలో పరమాణు పొరల పేర్పులో తప్పు రావడానికి కావలసిన శక్తి చాలా తక్కువ, చదరపు మీటరుకు సుమారు 30 మిల్లీజౌళ్ళు. కనుక ప్రతిబలం తగినంత పెరిగినప్పుడు స్ఫటికంలో కొంత భాగం అద్దంలో ప్రతిబింబం వలె తిరిగి, నానోమీటర్ల మందం గల పలుచని పొరలుగా ఏర్పడుతుంది. వీటిని కవల స్ఫటికాలు అంటారు. ఇవి లోహానికి సాగడానికి మరొక దారినిస్తాయి. స్థానభ్రంశాలకు గోడలై అడ్డుపడి లోహాన్ని గట్టిపరుస్తాయి కూడా. గట్టిపడిన చోటు ఇక సాగక, పక్క చోటు సాగుతుంది. అందువలన విరూపణ ఒకే చోట పోగుపడదు.

కవలలు పుట్టడానికి సుమారు 720 మెగాపాస్కళ్ళ ప్రతిబలం కావాలి. గది ఉష్ణోగ్రతలో లోహం 25 శాతం వరకు సాగితే గాని ఆ స్థాయి రాదు. 77 కెల్విన్ వద్ద 7 శాతం దాటగానే వస్తుంది. ఉక్కుకు ముప్పు తెచ్చే చలే ఇక్కడ మేలు చేస్తున్నదన్నమాట. 2014లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, నెమ్మదిగా లాగినప్పుడు దీని గరిష్ఠ బలం గది ఉష్ణోగ్రతలో 763 మెగాపాస్కళ్ళు, 77 కెల్విన్ వద్ద 1,280. వేగవంతమైన భారం కూడా ప్రతిబలాన్ని పెంచుతుంది కనుక కవలలకు అదీ అనుకూలమే.

హాప్కిన్సన్ కడ్డీ

వేగవంతమైన పరీక్షలకు హాప్కిన్సన్ కడ్డీలు వాడతారు. బెర్ట్రమ్ హాప్కిన్సన్ 1914లో చూపిన పద్ధతిని 1949లో కోల్స్కీ నేటి రూపానికి తెచ్చాడు. రెండు పొడవాటి కడ్డీల నడుమ కొద్ది మిల్లీమీటర్ల నమూనా పెట్టి, ఒక కడ్డీ చివరను మోదుతారు. సాధారణ పరీక్షలో వికృతి రేటు సెకనుకు వెయ్యో వంతు, ఇక్కడ వెయ్యి. అనగా పది లక్షల రెట్లు.

వేడి

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. విరూపణకు వెచ్చించిన పనిలో 90 శాతం వేడిగా మారుతుందని సాధారణంగా లెక్కకు తీసుకుంటారు. నెమ్మదిగా లాగితే ఆ వేడి బయటికి పోతుంది; మైక్రోసెకన్లలో ముగిసే దెబ్బలో పోలేదు. వెయ్యి మెగాపాస్కళ్ళ వద్ద 20 శాతం వికృతి చెందితే నమూనా గది ఉష్ణోగ్రత నుండి సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. 77 కెల్విన్ నుండి మొదలైతే, చలిలో లోహాల విశిష్టోష్ణం బాగా తగ్గిపోతుంది కనుక, ఇనుము విలువలతో లెక్కిస్తే అదే పని 80 నుండి 90 డిగ్రీలు పెంచుతుంది. అంటే 77 కెల్విన్ పరీక్ష అని పట్టికలో రాసినది ఆరంభ ఉష్ణోగ్రతే.

వేడెక్కిన చోటు మెత్తబడి, విరూపణ అంతా ఒక సన్నని పట్టీలో చేరి అక్కడే తెగే ప్రమాదం కూడా ఉంది. ఈ విషయంలో కాంటర్ మిశ్రమలోహం మొండిది. 2018లో ప్రచురితమైన పరీక్షలలో దీనిని సుమారు 7 కోత వికృతికి గురిచేస్తే గాని అటువంటి పట్టీ ఏర్పడలేదు.

పరిమితులు

పేరును బట్టి గుణాన్ని ఊహించరాదు. నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్‌ల మిశ్రమం అంతఃకేంద్రిత ఘనాకృతి కలది. అది గది ఉష్ణోగ్రతలోనే పెళుసు. మరోవైపు, మూడే మూలకాలు గల క్రోమియం-కోబాల్టు-నికెల్ మిశ్రమం కాంటర్ లోహాన్ని మించినది. 20 కెల్విన్ వద్ద దాని పగులు నిరోధం అసాధారణమని 2022లో వెల్లడైంది. ఈ గుణానికి మూలకాల సంఖ్య కంటే స్ఫటికాకృతి, పొరల పేర్పు శక్తి ముఖ్యమని దీనిని బట్టి చెప్పవచ్చు.

ఖరీదు మరొక అడ్డంకి. కోబాల్టు ప్రియమైన లోహం. -162 డిగ్రీల వద్ద ద్రవీకృత సహజవాయువును నిలువచేసే పెద్ద ట్యాంకులకు 9 శాతం నికెల్ కలిపిన ఉక్కును విరివిగా వాడతారు.