నిమ్మమొక్కపై చీమల కాపలా

మీ ఇంట కుండీలో నిమ్మమొక్క ఉందా? దాని కాండం మీద చీమల బారు కనిపిస్తే ఆకులు తిప్పి చూడండి. ఈనెల వెంట పిండి అద్దినట్లు తెల్లగా ఉంటే అది పిండినల్లి. సూదివంటి నోటితో మొక్క రసం పీల్చే పురుగు ఇది.

మొక్క రసంలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ. చాలినంత నత్రజని కోసం పిండినల్లి రసాన్ని విపరీతంగా పీల్చి, మిగిలిన చక్కెరను తేనెబొట్లుగా విసర్జిస్తుంది. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే. బదులుగా అవి పిండినల్లికి కాపలా కాస్తాయి. ఆకులపై రాలిన తీపి మీద మసిలాంటి బూజు పెరిగి, ఆకుకు వెలుతురు అందనివ్వదు.

మరి కాపలా ఎవరి నుండి? అక్షింతల పురుగుల నుండి! వీటిలో పిండినల్లిని తినే ఒక రకాన్ని 1898లో ఆస్ట్రేలియా నుండి మన దేశానికి తెచ్చారు. చిత్రమేమిటంటే, దీని పిల్లపురుగు ఒళ్ళంతా తెల్లని మైనపు పోగులతో పిండినల్లిలాగే ఉంటుంది. ఒకసారి మా బడి వరండాలోని మొక్కను శుభ్రం చేస్తూ, పొరపాటున వాటినే నలిపేశాను.

మీరలా చేయకండి. గడ్డిపోచతో తాకి చూడండి. చురుగ్గా నడిచిపోతే అది మిత్రుడు. మందకొడిగా ఉంటే పిండినల్లి. దానిని తడిగుడ్డతో తుడిచేయండి. కుండీని ఇటుకమీద పెట్టి, ఆ ఇటుకను నీళ్ళపళ్ళెంలో ఉంచండి. కొమ్మలు గోడను తాకకూడదు. దోమలు పెరగకుండా రోజూ నీళ్ళు మార్చండి. చీమల కాపలా తప్పితే అక్షింతల పురుగులకు దారి దొరుకుతుంది. పురుగుమందు అందుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. మిత్రుడెవరో, శత్రువెవరో ఆ మందుకు తెలియదు!