న్యూయార్కు సెంటు, ఢిల్లీ సుంకం, మన ప్రత్తి ధర

(మా వాణిజ్య ప్రతినిధి)

2025 ఆగస్టు 19వ తేదీకి నాగర్‌కర్నూలు, వనపర్తి జిల్లాల ప్రత్తి ఇంకా చేలోనే ఉంది. మొదటి తీతకు కూడా రాలేదు. అయినా ఆ సీజను ధర సగం ఆనాడే తేలిపోయింది. విదేశీ దూదిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం ఆ రోజు నుంచి ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. పది రోజులు గడవక ముందే గడువును డిసెంబరు 31 వరకు పొడిగించారు. మన ప్రత్తి కాటాకు వచ్చే నెలలు సరిగ్గా అవే.

ఈ నిర్ణయానికి మూలం అమెరికాలో ఉంది. ఆగస్టు 7 నుంచి భారత సరుకుపై 25 శాతం అదనపు సుంకం, 27 నుంచి మరో 25 శాతం విధించారు. అమెరికాకు దుస్తులు పంపే తిరుప్పూరు వంటి కేంద్రాలు గిలగిలలాడాయి. వాటిని ఆదుకోవాలంటే ముడి సరుకైనా చౌకగా అందాలి. అందువల్ల దూది సుంకం పోయింది. దుస్తుల మీద పడిన దెబ్బను ప్రత్తి కూడా పంచుకోవలసి వచ్చిందన్నమాట.

ఈ సంగతి ఖరీదుదారులు తక్‌పట్టీ వెనుక వేసుకోదగిన లెక్క. ఒక క్యాండీ అంటే 356 కిలోలు, అనగా 784 పౌన్లు. న్యూయార్కులో పౌను 66 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే క్యాండీ సుమారు 45,500 రూపాయలు. ఓడ కిరాయి, బీమా, నాణ్యతకు ఇచ్చే అదనం కలిపి 51,500 పడుతుందనుకుందాం. సుంకం ఉంటే దీనిమీద మరో 5,600 పైచిలుకు పడేది.

ఇక మన వైపు చూద్దాం. 2025-26కు పొడవు పింజ ప్రత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. క్వింటాలుకు 34 కిలోల దూది, 63 కిలోల గింజ, మిగిలింది తరుగు. గింజ కిలో 33 చొప్పున 2,079 తీసివేస్తే, జిన్నింగు ఖర్చు కలపకుండానే దూది క్యాండీ 63 వేలు దాటింది. 51,500కు విదేశీ దూది దొరుకుతున్న మిల్లు ఈ ధర ఎందుకు పెడుతుంది? అదే లెక్కను తలక్రిందులు చేస్తే ప్రత్తి 7 వేల దగ్గర ఆగుతుంది. మద్దతు ధరకూ దీనికీ మధ్య 1,100 రూపాయల తేడాను భరించగలిగేది ప్రభుత్వ రంగంలోని కాటన్ కార్పొరేషన్ ఒక్కటే.

కార్పొరేషన్ కాటాకు షరతులున్నాయి. కపాస్ కిసాన్ యాప్‌లో ముందే తేదీ తీసుకోవాలి. 2025-26లో తేమ 8 శాతం దాటితే ప్రతి శాతానికి 81 రూపాయల వంతున కోత పడేది, 12 దాటితే కొనుగోలే లేదు. అక్టోబరు చివర మోంథా తుపాను వానలు నాగర్‌కర్నూలు చేలను తడిపిన తర్వాత 12 శాతం అనే గీత ఎంత పెద్దదో రైతుకు తెలిసివచ్చింది. అవతల మిగిలేది ప్రైవేటు ఖరీదుదారు. అతను ధర తగ్గించాడని నిందించడం తేలిక. కాని తడి ప్రత్తి ఆరితే వచ్చే తరుగు, రంగు మారిన దూది, చౌక విదేశీ సరుకు మూడూ అతని నెత్తినే పడతాయి. ఈ పక్షాల్లో ఎవరూ సుంకం గురించి ఢిల్లీకి చెప్పినవారు కారు.

జనవరిలో సుంకం తిరిగి వస్తుంది, దూది పట్టి ఉంచుదాం అన్న ఆలోచన అప్పట్లో కొందరికి కలగడం సహజమే. అయితే గడువులోగా ఓడ దిగిన సరుకు జనవరిలో మిల్లుల గోదాముల్లోనే ఉంటుంది. పైగా బ్యాంకు వడ్డీ నెలకు ఒక శాతం వేసినా క్యాండీకి 515 రూపాయలు కరిగిపోతాయి. న్యూయార్కులో ఒక సెంటు కదిలితే మనకు క్యాండీకి 690 రూపాయలు. రూపాయి మారకంలో ఒక రూపాయి కదిలితే 517. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, తేజీ మందీ కబుర్లు సగం వడపోసుకోవచ్చు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటడం దిగుమతి దూదిని కొంత ప్రియం చేసి, సుంకం చేయని పనిలో కొద్ది భాగం చేసింది.

షేర్ల గందరగోళానికి ఇంతటి విలువ ఇవ్వనక్కరలేదని మా అభిప్రాయం. 2025 ఏప్రిల్ 7న సెన్సెక్సు 2,226 పాయింట్లు పడింది. ప్రత్తి వర్తకుడికి అది బ్యాంకులు చేయి బిగిస్తాయేమో అన్న హెచ్చరిక మాత్రమే. రెండు పెద్ద దేశాలు కొట్లాడుకుంటే మనకు లాభం అనే మాట కూడా పాతదే. 2018 జులైలో చైనా అమెరికా దూదిపై 25 శాతం సుంకం వేసినప్పుడు ఇక్కడా అదే అన్నారు. అంతకు ముందు నెలలో 90 సెంట్లు దాటి ఉన్న న్యూయార్కు ధర 2019 ఆగస్టుకు 60 సెంట్ల లోపుకు దిగింది. 2019-20లో కాటన్ కార్పొరేషన్ కోటి బేళ్లకు పైగా కొనవలసి వచ్చింది.

వేరుశనగ దారి వేరు. వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి పల్లికాయకు పరీక్ష సుంకంలో కాదు, బూజులో ఉంది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం తినే పప్పులో 100 కోట్ల భాగాలకు 4 భాగాలు మించితే యూరప్ సరుకును ఆపేస్తుంది. 2025 సెప్టెంబరులో ఇండొనేషియా ఇదే కారణంతో భారత వేరుశనగ దిగుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. యాసంగి పంట అప్పుడప్పుడే విత్తుతున్న సమయమది. ఎగుమతికి పోవలసిన పప్పు గానుగకు మళ్లితే అక్కడ చౌక పామాయిలు కాచుకుని ఉంటుంది. ముడి వంటనూనెల మూల సుంకాన్ని అదే సంవత్సరం మే నెలాఖరున 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. అందుచేత బస్తాకు నింపే ముందు కాయ బాగా ఆరిందా లేదా చూసుకోవడం హమాలీ పని అనుకోవద్దు, అది ధర పలికించే పని.

గద్వాల నడిగడ్డ సీడు ప్రత్తికి న్యూయార్కుతో నేరుగా సంబంధం లేదు. అక్కడ ధర కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ల ద్వారా కుదిరిన ఒప్పందంలో ఉంటుంది. కాని ప్రత్తి ధర పడిన ఏడాది రైతు మరుసటి వానకాలానికి ప్రత్తి విస్తీర్ణం తగ్గిస్తాడు. విత్తన ప్యాకెట్లు గోదాముల్లో మిగులుతాయి, ఆ తర్వాత కంపెనీలు గద్వాలలో ఇచ్చే ఎకరాలు తగ్గుతాయి. ఒక సీజను ఆలస్యంగా వచ్చే ఈ దెబ్బను ఆర్గనైజర్లు పెట్టుబడికి అప్పులిచ్చే ముందే లెక్కలోకి తీసుకోవాలి.