పట్టారు, కొలిచారు, రాశారు, వదిలేశారు: కావేరి చేపల పుస్తకం నేర్పే పాఠం



చేపలు పట్టడం అనగానే మనకు వల, మార్కెట్, ఆదివారం పులుసు గుర్తొస్తాయి. గేలంతో చేపను పట్టి, కొలిచి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలోకే వదిలేసే క్లబ్బులు ఉన్నాయని చెబితే పిల్లలు వెంటనే అడిగేది ఒకటే: "వదిలేసేదానికి పట్టడం ఎందుకు టీచర్?" ప్రశ్న న్యాయమైనదే. కావేరి నది మీద జరిగిన ఒక నిజమైన కథలో దీనికి జవాబుంది. సైన్స్, లెక్కలు, ఓపిక మూడూ కలిసిన కథ ఇది. ఇంట్లో పిల్లలతో కలిసి చదువుకోవడానికి బాగుంటుందని ఈ నెల ఎంచుకున్నాం.

క్లబ్బు చేసే పని

బెంగళూరులో 1972లో వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా మొదలైంది. గేలం వేయడం ఇష్టపడేవాళ్లు, అడవిని ప్రేమించేవాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థ. వీళ్లకు ఇష్టమైన చేప మహసీర్. మనం తినే బొచ్చె, రోహు చేపల కుటుంబానికే చెందినది. కానీ వేగంగా పారే నీళ్లలో, రాళ్ల మధ్య బతుకుతుంది, చాలా పెద్దదిగా పెరుగుతుంది. మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ 1946లో కబిని నదిలో పట్టిన మహసీర్ 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. మన ఏడో తరగతి పిల్లవాడి కంటే ఎక్కువ బరువు!

అలాంటి నదుల్లో కొందరు నాటుబాంబులు పేల్చి చేపలు పట్టేవారు. ఒక్క పేలుడుకు పెద్ద చేపతో పాటు పిల్లలు, గుడ్లు అన్నీ పోతాయి. క్లబ్బు తన అధీనంలోని నది భాగంలో కాపలాదారులను పెట్టింది. సభ్యులు పట్టిన మహసీర్‌ను తిరిగి నదిలో వదలాలన్నది నియమం.

వదలడానికీ ఒక పద్ధతి ఉంది. చేప ఒంటి మీద ఉండే జిగురు దానికి రక్షణ కవచం లాంటిది. పొడి చేతులతో పట్టుకుంటే అది ఊడిపోయి, చేపకు జబ్బులు సోకుతాయి. అందుకే ముందు చేతులు తడుపుకోవాలి. గేలానికి వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కేస్తే నోరు చీరకుండా సులువుగా వస్తుంది. చేపను వీలైనంత వరకు నీళ్లలోనే ఉంచాలి. చివరికి దాని తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, అది తేరుకుని తనంతట తాను ఈదుకుంటూ వెళ్లేదాకా పట్టుకోవాలి.

త్రాసు లేకుండా బరువు

చేపను తూకానికి వేలాడదీయకుండా బరువు అంచనా వేయడానికి గేలం వేసేవాళ్లకు పాత లెక్క ఒకటి ఉంది. పొడవును, నడుము చుట్టుకొలత వర్గంతో గుణించి 800తో భాగించాలి. కొలతలు అంగుళాల్లో తీసుకుంటే బరువు పౌండ్లలో వస్తుంది.

పొడవు 40 అంగుళాలు, చుట్టుకొలత 24 అంగుళాలు అనుకోండి. 24ను 24తో గుణిస్తే 576. దాన్ని 40తో గుణిస్తే 23,040. 800తో భాగిస్తే 28.8 పౌండ్లు, అంటే సుమారు 13 కిలోలు. వర్గాలు నేర్చుకునే పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి. చుట్టుకొలత రెట్టింపైతే బరువు ఎన్ని రెట్లవుతుందని అడగండి. రెండు రెట్లని చెబితే నవ్వకండి, వేసి చూడమనండి.

పుస్తకం బయటపెట్టిన నిజం

కావేరి ఒడ్డున గాలిబోరె అనే చోట ఒక ఫిషింగ్ క్యాంపు ఉండేది. అక్కడికి వచ్చినవాళ్లు ఎన్ని గంటలు గేలం వేశారు, ఏ రకం మహసీర్ పడింది, దాని బరువెంత అన్న వివరాలు పుస్తకంలో రాసేవారు. 1998 నుంచి 2012 వరకు ఇలా 23 వేల గంటలకు పైగా గేలం వేసిన లెక్క, 6 వేలకు పైగా చేపల లెక్క పోగయ్యాయి. రాసినప్పుడు ఎవరూ పరిశోధన అనుకోలేదు. ఇంగ్లండ్‌లోని బౌర్న్‌మౌత్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఏడ్రియన్ పిండర్, కేరళకు చెందిన రాజీవ్ రాఘవన్ తదితరులు ఆ పుస్తకాలను విశ్లేషించి 2015లో ప్రచురించారు.

ఇందులో పిల్లలు గమనించాల్సింది గంటల లెక్క. ఒకరు పది గంటల్లో ఐదు చేపలు, మరొకరు రెండు గంటల్లో నాలుగు చేపలు పడితే ఏ రోజు నదిలో చేపలు ఎక్కువున్నట్టు? చేపల సంఖ్య ఒక్కటే చూస్తే మొదటి రోజు అనిపిస్తుంది. గంటకు ఎన్ని అని చూస్తే రెండో రోజు. ఏమీ పడని రోజును కూడా రాయాల్సింది అందుకే. సున్నా కూడా సమాచారమే.

కావేరిలో రెండు రకాల మహసీర్‌లు దొరికేవి. ఒకటి ఆ నదీ వ్యవస్థకే సొంతమైన, వీపు మీద గూనిలా ఎత్తు ఉండే మహసీర్. రెండోది నీలి రెక్కల మహసీర్. గంటకు పడే నీలి రెక్కల చేపలు ఏటేటా పెరిగాయి. గూని మహసీర్‌లు తగ్గిపోయాయి. పడిన కొద్ది గూని చేపలేమో అంతకంతకూ పెద్దవి. పెద్ద చేపలు పడుతుంటే సంతోషించాలి కదా అనిపిస్తుంది. కానీ దాని అర్థం వేరు. బడి మూతపడి, వీధుల్లో ముసలివాళ్లు మాత్రమే కనిపించే ఊరిని ఊహించుకోండి. కొత్త తరం రావడం లేదన్నమాట.

రెండింటినీ కలిపి "మహసీర్" అని ఒకే వరుసలో రాసి ఉంటే నది కళకళలాడుతోందనే అనుకునేవాళ్లం. వేరువేరుగా రాసినందుకే ప్రమాదం బయటపడింది.

మంచి చేయబోతే

నీలి రెక్కల చేప కావేరిది కాదు. శాస్త్రవేత్తలు దాన్ని మొదట వర్ణించింది పుణె దగ్గరి ములా-ముఠా నదిలో. ఆ నీళ్లు భీమాలో కలిసి, మన కృష్ణలోకి వస్తాయి. అంటే అది మన కృష్ణమ్మ బిడ్డ. మహసీర్‌లు తగ్గిపోతున్నాయని 1970ల నుంచి లోనావాలాలోని టాటా హేచరీలో దాని పిల్లలను పెంచి దేశంలోని అనేక నదుల్లో, చెరువుల్లో వదిలారు. కావేరిలోనూ వదిలారు. ఉద్దేశం మంచిదే. కానీ పరాయి నీటి చేప అక్కడ స్థిరపడి విస్తరించింది, సొంత చేప తగ్గిపోయింది. డ్యాములు, ఇసుక తవ్వకాలు, పేలుళ్లు కూడా సొంత చేప మీద దెబ్బ కొట్టినవే.

ఇంకో చిక్కు. అంత పేరున్న గూని మహసీర్‌కు అప్పటికి ఖాయమైన శాస్త్రీయ నామం లేదు. పేరు తేలని జీవిని అంతరించే జాబితాలో చేర్చడం కుదరదు. చివరికి కావేరి వ్యవస్థలోనే ఉన్న మోయార్ నదిలో మిగిలిన చేపలను పరిశీలించి, అది టోర్ రెమాదేవియై అని 2018లో తేల్చారు. మన దేశపు మత్స్య శాస్త్రవేత్త రెమాదేవి గారి గౌరవార్థం పెట్టిన పేరు అది. అదే ఏడాది ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో 'తీవ్ర ప్రమాదంలో ఉన్న' జీవిగా చేరింది. ఒక జీవి అడవిలో పూర్తిగా కనుమరుగవడానికి ముందున్న మెట్టు అది.

మన ఇంట్లో ఏం చేయొచ్చు?

ఇంటి అక్వేరియం విసుగొస్తే చేపలను చెరువులో వదలకండి. "పాపం, స్వేచ్ఛగా బతుకుతాయి" అని పిల్లలు అడగడం సహజం. అప్పుడు కావేరి కథ గుర్తుచేయండి. గాజు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ ఫిష్ మన చెరువుల్లోకి చేరి మత్స్యకారుల వలలను పాడుచేస్తోంది. అక్కర్లేని చేపను షాపుకు తిరిగివ్వండి, లేదా పెంచుకునేవాళ్లకు ఇవ్వండి.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పిల్లలకు ఒక చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. తేదీ, సమయం, చోటు, ఎంతసేపు చూశారు, ఏం కనిపించింది. ఇవి చాలు. చేపే కానక్కర్లేదు, కొంగలైనా, సీతాకోకచిలుకలైనా సరే. పేరు తెలియకపోతే తాతయ్యనో, చెరువు దగ్గర వల వేసే పెద్దాయననో అడిగి రాయమనండి. ఊరి చేపల గురించి ఆయనకు తెలిసినంత మా పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

గేలం వేయాలనుకుంటే ముందు అనుమతి అడగండి. మన ఊరి చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. అది వాళ్ల జీవనోపాధి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. పిల్లలను నీటి దగ్గరికి ఒంటరిగా పంపకండి, ఈత వచ్చినా సరే. మట్టి తవ్విన చెరువుల్లో లోతు ఒక్క అడుగులో మారిపోతుంది, పైకి కనిపించదు. పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి, వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఒక నెల పాటు రాసిన నోటుపుస్తకాన్ని పిల్లలు క్లాసుకు తీసుకొస్తే సైన్స్ పీరియడ్‌లో అందరం కలిసి చదువుతాం. ఖాళీ రోజులను కూడా రాసినవాళ్ల పుస్తకం ముందు తెరుస్తాం.