డిస్క్‌ మారింది... అలవాట్లూ మారాలి!

కంప్యూటర్‌ స్విచ్‌ వేసి, వంటింట్లోకెళ్లి కాఫీ కలుపుకుని వచ్చినా తెరమీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. హార్డ్‌డిస్క్‌ తీసేసి ఎస్‌ఎస్‌డీ (సాలిడ్‌ స్టేట్‌ డ్రైవ్‌) పెట్టించాక అదే కంప్యూటర్‌ క్షణాల్లో సిద్ధం! బాగానే ఉంది. మరి పాత డిస్క్‌తో చేసిన అలవాట్లనే కొత్తదానిమీదా కొనసాగిస్తున్నారా? అయితే ఒక్క నిమిషం ఆగండి.

హార్డ్‌డిస్క్‌ లోపల పళ్లెంలాంటి రేకు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంది. ఫైలు ముక్కలు తలోచోటా ఉంటే వాటిని వెతకడానికి ఆలస్యమవుతుంది. అందుకే అప్పుడప్పుడూ డీఫ్రాగ్‌ చేసి, ముక్కల్ని ఒకచోటికి చేర్చేవాళ్లం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే రేకే లేదు. ఉన్నవన్నీ ఫ్లాష్‌ మెమరీ చిప్పులే. ముక్క ఎక్కడున్నా చటుక్కున అందుతుంది. పైగా ఆ చిప్పుల్లో రాయడానికీ చెరపడానికీ ఓ లెక్క ఉంటుంది. పదేపదే డీఫ్రాగ్‌ చేస్తే దాని ఆయుష్షును ఊరికే ఖర్చుచేసినట్టే.

ట్రిమ్‌ ఉందా?

పలక నిండా రాసి ఉంటే, తుడిస్తేగానీ కొత్త అక్షరం రాయలేం. ఫ్లాష్‌ మెమరీ కూడా అంతే. మనం ఫైలు తీసేసినా ఆ సంగతి డిస్క్‌కి తెలియదు. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ ‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని కబురు పంపితేనే తీరిగ్గా తుడిచి ఉంచుకుంటుంది. ఆ కబురు పేరే ట్రిమ్‌. విండోస్‌లో ఇది 2009లో వచ్చిన విండోస్‌ 7తో మొదలైంది.

స్టార్ట్‌ మెనూలో ‘డీఫ్రాగ్‌’ అని టైప్‌ చేసి, వచ్చిన కిటికీ తెరవండి. మీ డ్రైవ్‌ ఎదురుగా ‘సాలిడ్‌ స్టేట్‌ డ్రైవ్‌’ అని ఉందా, వారానికోసారి ఆప్టిమైజ్‌ అయ్యేలా షెడ్యూల్‌ ఉందా చూడండి. అక్కడ విండోస్‌ 8 నుంచీ ఎస్‌ఎస్‌డీకి ప్రధానంగా జరిగేది ట్రిమ్మే కాబట్టి భయపడి ఆపేయక్కర్లేదు. విడిగా కొన్న పాత డీఫ్రాగ్‌ సాఫ్ట్‌వేర్‌ ఉంటే మాత్రం తీసేయండి. పేజ్‌ఫైల్‌ తీసేయడం లాంటి చిట్కాలూ ఇప్పుడు అవసరం లేదు. డిస్క్‌లో ఆరోవంతైనా ఖాళీ ఉంచితే చాలు.

ఫొటోలు జాగ్రత్త!

ఈ సుఖానికి ఓ మూల్యం ఉంది. హార్డ్‌డిస్క్‌లో పొరపాటున చెరిపేసిన ఫొటోల్ని చాలాసార్లు నిపుణులు వెనక్కి తెచ్చేవారు. ట్రిమ్‌ జరిగిన ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు ఉండదు. అలాగని ఎస్‌ఎస్‌డీలో ఫొటోలు నింపి ఏళ్ల తరబడి బీరువాలో దాచడమూ మంచిది కాదు. కరెంటు అందకుండా ఎక్కువకాలం ఉంటే అందులోని సమాచారం చెదిరిపోవచ్చు.

అందుకే తీసిన పాత హార్డ్‌డిస్క్‌ బాగుంటే పారేయకండి. చిన్న కేసులో బిగించి, పాపాయి తొలి అడుగులూ అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటోలూ మరో కాపీ అందులో దాచుకోండి. వేగం పని ఎస్‌ఎస్‌డీది, జ్ఞాపకాల కాపలా దానిది!